సమావేశం రద్దయింది, బాధ్యత రద్దు కాలేదు
(జెనీవా ఒప్పందాలపై ఒక పాఠం)



రమజాన్ వచ్చిందంటే జకాత్, ఫిత్రా లెక్కలతో పాటు మన ముందుకు ఒక ప్రశ్న కూడా వస్తుంది. "గాజా పిల్లల కోసం మనమేమైనా పంపగలమా? పంపితే చేరుతుందా?" అని అడిగేవారు మన నేరేడుచర్లలోనూ ఉన్నారు, మిర్యాలగూడ, కోదాడల్లోనూ ఉన్నారు. ఈ ప్రశ్నకు సగం జవాబు డబ్బుకు సంబంధించినది. మిగతా సగం చట్టానికి సంబంధించినది. గోదాములో బియ్యం ఉండవచ్చు, లారీ సిద్ధంగా ఉండవచ్చు, డ్రైవరు ఎక్కి కూర్చుని ఉండవచ్చు. గేటు తెరవకపోతే ఆ బియ్యం ఆకలిగొన్నవాడి గిన్నెలోకి చేరదు. ఆ గేటు తెరిపించే హక్కు ఎవరిది, తెరవాల్సిన బాధ్యత ఎవరిది అని చెప్పేదే అంతర్జాతీయ మానవతా చట్టం.

2025 మార్చి 7న స్విట్జర్లాండులోని జెనీవా నగరంలో ఈ చట్టం గురించే ఒక సమావేశం జరగవలసి ఉంది. 196 దేశాలకు ఆహ్వానాలు వెళ్లాయి. కానీ ముందు రోజే, అంటే మార్చి 6న, దేశాల మధ్య తీవ్రమైన అభిప్రాయభేదాలు ఉన్నందున సమావేశం జరపడం లేదని స్విట్జర్లాండు ప్రకటించింది. దానికి నాలుగు రోజుల ముందే, మార్చి 2న, గాజాలోకి సరకులు వెళ్లే దారులను ఇజ్రాయెల్ మూసివేసింది. దారి మూసుకుపోయిన వారంలోనే, దారి గురించి మాట్లాడవలసిన సభ కూడా ఆగిపోయింది. ఇలా ఎందుకు జరిగింది? దీని నుంచి మనం ఏమి నేర్చుకోవాలి? ఈ పాఠంలో ఒక్కొక్కటిగా చూద్దాం.

జెనీవా ఒప్పందాలు అంటే ఏమిటి?

1859 జూన్ 24న ఇటలీలోని సోల్ఫెరీనో దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. పని మీద అటు వెళ్లిన హెన్రీ డ్యూనాంట్ అనే స్విస్ వ్యాపారి, గాయపడి దిక్కులేకుండా పడి ఉన్న వేలాది సైనికులను చూశాడు. చుట్టుపక్కల ఊళ్లవారిని పోగుచేసి, వాడు ఏ పక్షంవాడని అడగకుండా అందరికీ సేవ చేయించాడు. ఆ అనుభవం నుంచే 1863లో రెడ్ క్రాస్ సంస్థకు బీజం పడింది. 1864 ఆగస్టు 22న మొదటి జెనీవా ఒప్పందం కుదిరింది. 1876లో తుర్కీ ఉస్మానీ ప్రభుత్వం శిలువకు బదులు ఎర్ర నెలవంక గుర్తును వాడడం మొదలుపెట్టింది. 1929 నాటి ఒప్పందంలో ఆ గుర్తుకు అంతర్జాతీయ అంగీకారం లభించింది.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత, 1949 ఆగస్టు 12న నాలుగు ఒప్పందాలు రూపుదిద్దుకున్నాయి. మొదటిది యుద్ధభూమిలో గాయపడిన సైనికుల గురించి, రెండవది సముద్రం మీద గాయపడినవారి గురించి, మూడవది యుద్ధ ఖైదీల గురించి. నాలుగవది సామాన్య పౌరుల గురించి. మన పాఠానికి ముఖ్యమైనది ఈ నాలుగవదే. ఇందులో 159 నిబంధనలు ఉన్నాయి. దాతలు గుర్తుంచుకోదగిన కొన్నింటిని చెప్పుకుందాం.

18వ నిబంధన ఆసుపత్రులపై దాడి చేయకూడదంటుంది. 23వ నిబంధన మందులకు, పిల్లలకూ గర్భిణులకూ అవసరమైన ఆహారానికి దారి ఇవ్వాలంటుంది. 33వ నిబంధన ఒకరు చేసిన తప్పుకు ఊరందరినీ శిక్షించడాన్ని నిషేధిస్తుంది. 34వ నిబంధన పౌరులను బందీలుగా పట్టుకోవడాన్ని నిషేధిస్తుంది. 49వ నిబంధన ఆక్రమిత ప్రాంతం నుంచి ప్రజలను బలవంతంగా తరలించరాదని, ఆక్రమించిన దేశం తన ప్రజలను తెచ్చి అక్కడ స్థిరపరచరాదని చెబుతుంది. 55, 59 నిబంధనలు ఆక్రమిత ప్రాంత ప్రజలకు తిండి, మందులు అందేలా చూడవలసిన బాధ్యతను ఆక్రమించిన ప్రభుత్వం మీదే పెడతాయి. తాను ఇవ్వలేకపోతే ఇతరులు పంపే సాయాన్ని రానివ్వాలని కూడా అంటాయి.

ఈ నిబంధనలు అందరికీ ఒకటే. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ పౌరులను చంపడం, బందీలుగా తీసుకుపోవడం కూడా ఈ చట్టం దృష్టిలో నేరమే. ఆ తరువాత గాజా పౌరుల మీద పడిన ఆకలి, బాంబులు కూడా ఈ చట్టం ముందు విచారణకు రావలసినవే. మనవాళ్లకు ఒక త్రాసు, పరాయివాళ్లకు ఒక త్రాసు పెట్టుకుంటే అది న్యాయం అనిపించుకోదు.

నాలుగు ఒప్పందాలకూ మొదటి నిబంధన ఒకటే. ఒప్పందాన్ని తాము పాటించడమే కాక, ఇతరులు కూడా పాటించేలా చూస్తామని సంతకం చేసిన ప్రతి దేశమూ అందులో మాట ఇచ్చింది. వివాదం అంతా ఈ రెండవ సగం మీదే. "ఇతరులు పాటించేలా చూడటం" అంటే ఏం చేయాలి? మాటతో ఊరుకోవాలా, చేతలోకి దిగాలా?

కాగితం ఎవరి దగ్గర ఉంది?

అన్నదమ్ములు పంపకాలు చేసుకున్నప్పుడు ఒప్పంద కాగితాన్ని ఇద్దరికీ నమ్మకమున్న పెద్దమనిషి దగ్గర దాచిపెట్టడం మన పల్లెల్లో తెలిసిన పద్ధతే. ఆ కాగితం ఆయన దగ్గర అమానతు. ఆయన కాగితాన్ని దాచగలడు, అడిగినప్పుడు తీసి చూపగలడు, ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టగలడు. అందులో లేని షరతును సొంతంగా చేర్చలేడు, ఎవరి చేతా బలవంతంగా అమలు చేయించనూ లేడు.

జెనీవా ఒప్పందాలకు అలాంటి అమానతుదారు స్విట్జర్లాండు ప్రభుత్వం. సంతకం చేసిన దేశాలు ఏటా కలుసుకోవాలన్న ఏర్పాటు 1949 ఒప్పందాలలో లేదు. కనుక ఎవరైనా సభ కోరితే స్విట్జర్లాండు ఒక్కొక్క దేశాన్నీ సంప్రదించి, తగినంత మద్దతు ఉందో లేదో చూసుకుంటుంది. ఈ లోటును తీర్చడానికి స్విట్జర్లాండు, అంతర్జాతీయ రెడ్ క్రాస్ కమిటీ కలిసి కొన్నేళ్లు ప్రయత్నించాయి. దేశాలు క్రమం తప్పకుండా కలుసుకునే ఏర్పాటు ఒకటి ఉండాలని ప్రతిపాదించాయి. 2015 డిసెంబరులో జెనీవాలో జరిగిన 32వ అంతర్జాతీయ రెడ్ క్రాస్, రెడ్ క్రెసెంట్ మహాసభలో ఆ ప్రతిపాదనకు అంగీకారం కుదరలేదు. కలుసుకోవడానికి నియమం లేదు కాబట్టి ప్రతిసారీ కలుసుకోవాలా వద్దా అన్నదే మొదటి తగాదా అవుతోంది.

మూడు సార్లు జరిగింది, ఎలా జరిగింది?

1997లో తూర్పు జెరూసలేం పక్కన జబల్ అబూ గునైమ్ కొండ మీద ఇజ్రాయెల్ కొత్త నివాసాలు కట్టడం మొదలుపెట్టింది. దాని మీద ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ అత్యవసరంగా సమావేశమై, నాలుగవ ఒప్పందంలోని దేశాల సభ జరపాలని కోరింది. రెండేళ్ల వాదోపవాదాల తరువాత 1999 జూలై 15న జెనీవాలో సభ తెరిచారు. 103 దేశాలు వచ్చాయి. అమెరికా, ఇజ్రాయెల్ రాలేదు. అప్పుడే ఇజ్రాయెల్‌లో కొత్త ప్రభుత్వం ఏర్పడింది, శాంతి చర్చలకు మంచి వాతావరణం వచ్చిందన్న కారణంతో ఆ సభను కొద్దిసేపటికే వాయిదా వేశారు.

రెండవ సభ 2001 డిసెంబరు 5న జరిగింది. 114 దేశాలు హాజరయ్యాయి. ఆక్రమిత పాలస్తీనా ప్రాంతాలకు నాలుగవ ఒప్పందం వర్తిస్తుందని ఒక ప్రకటన చేశాయి. ఇజ్రాయెల్ వాదన వేరు. ఆ భూమి హోదా వివాదంలో ఉంది కనుక చట్టరీత్యా ఈ ఒప్పందం అక్కడ వర్తించదని అది అంటూ వచ్చింది. 2004 జూలై 9న అంతర్జాతీయ న్యాయస్థానం గోడ నిర్మాణం మీద ఇచ్చిన సలహా అభిప్రాయంలో ఆ వాదనను అంగీకరించలేదు.

మూడవ సభ కోసం 2009 నవంబరులోనే సర్వసభ్య సభ సిఫారసు చేసింది. అయినా అది జరగడానికి ఐదేళ్లు పట్టింది. 2014 ఏప్రిల్‌లో పాలస్తీనా కూడా జెనీవా ఒప్పందాలలో చేరింది. అదే సంవత్సరం డిసెంబరు 17న సభ జరిగింది. 126 దేశాలు పాల్గొని పది అంశాల ప్రకటనను ఆమోదించాయి. ఈసారి కూడా అమెరికా, ఇజ్రాయెల్ దూరంగానే ఉన్నాయి.

ఈ మూడింటిలోనూ ఒక పోలిక కనిపిస్తుంది. రానివారు ప్రతిసారీ ఉన్నారు. అయినా రాదలచినవారు వచ్చారు, ఉన్నంతలో ఒక మాట మీద నిలబడ్డారు.

నాలుగవసారి ఎందుకు ఆగింది?

2024 జూలై 19న అంతర్జాతీయ న్యాయస్థానం మరో సలహా అభిప్రాయం ఇచ్చింది. ఆక్రమిత పాలస్తీనా ప్రాంతంలో ఇజ్రాయెల్ కొనసాగడం చట్టవిరుద్ధమని చెప్పింది. దాని ఆధారంగా సెప్టెంబరు 18న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఒక తీర్మానం చేసింది. అనుకూలంగా 124 దేశాలు, వ్యతిరేకంగా 14 దేశాలు ఓటు వేశాయి. 43 దేశాలు ఓటింగుకు దూరంగా ఉన్నాయి. ఆరు నెలల లోపు నాలుగవ ఒప్పందపు దేశాల సభ జరపాలని స్విట్జర్లాండును కోరింది కూడా ఆ తీర్మానమే.

స్విట్జర్లాండు సంప్రదింపులు మొదలుపెట్టి, ఒక ప్రకటన ముసాయిదా తయారు చేసి దేశాలకు పంపింది. చిక్కు అక్కడే వచ్చింది. ముసాయిదా బలహీనంగా ఉందని, బాధ్యులను జవాబుదారీ చేసే గట్టి మాటలు అందులో లేవని పాలస్తీనా, దాన్ని బలపరిచే దేశాలు అసంతృప్తి చెందాయి. ఇజ్రాయెల్ అసలు ఈ సభనే తప్పుపట్టింది. తమ మీద చట్టం పేరుతో సాగుతున్న దాడిగా దాన్ని చూసింది. మధ్యలో ఉన్న దేశాలకు తమ తమ లెక్కలు ఉన్నాయి. ఒక వైపు మాట పెంచితే మరో వైపు జారిపోతుంది, తగ్గిస్తే ఈ వైపు జారిపోతుంది. చివరికి స్విట్జర్లాండు సభనే మానుకుంది.

ఇరువైపుల వాదనలనూ నిదానంగా వినడం మంచిది. "పేలవమైన ప్రకటన మీద సంతకం చేస్తే రేపు దాన్నే గీటురాయిగా చూపిస్తారు. ఇంతకంటే ఎక్కువ అడగకూడదంటారు. అందుకే చేయకపోవడమే మేలు" అన్నది ఒక వాదన. బాధ పడుతున్నవాడి నోటి నుంచి వచ్చే మాట ఇది. దాన్ని తేలికగా తీసేయలేము. "అందరూ ఒప్పుకోని ప్రకటన వల్ల ఒప్పందం పరువే పోతుంది. చట్టం రాజకీయ వేదిక అయిపోతుంది" అన్నది మరో వాదన. అమానతు మోసేవాడికి ఉండే భయం ఇది. ఇందులోనూ నిజం ఉంది.

కానీ ఈ రెండు వాదనలూ ప్రకటనలోని మాటల గురించినవే. ఆ వారం గాజా గేటు దగ్గర నిలిచిపోయిన లారీల గురించి రెండూ ఏమీ చెప్పవు. మా దృష్టిలో అసలు నష్టం అక్కడే జరిగింది.

మన దేశం ఎక్కడ నిలబడింది?

భారతదేశం 1950 నవంబరు 9న జెనీవా ఒప్పందాలను ధ్రువీకరించింది. 1960లో పార్లమెంటు జెనీవా ఒప్పందాల చట్టం చేసింది. అంటే ఈ ఒప్పందాలు ఎక్కడో దూరదేశపు కాగితాలు కావు, మన దేశపు చట్టంలో కూడా భాగమే.

2024 సెప్టెంబరు నాటి ఓటింగులో మన దేశం దూరంగా ఉన్న 43 దేశాలలో ఒకటి. ఐక్యరాజ్యసమితిలో మన దేశ శాశ్వత ప్రతినిధి పర్వతనేని హరీష్ ఆ ఓటుకు వివరణ ఇచ్చారు. ఆయన తెలుగువారు, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగు చదివినవారు. సంభాషణ, దౌత్యమే మార్గమని, ఇరువర్గాలను దగ్గరకు తేవడానికే ఉమ్మడి ప్రయత్నం జరగాలని ఆయన మాటల సారాంశం. ఆ వైఖరితో ఏకీభవించేవారు మనలో ఉన్నారు, బాధపడినవారూ ఉన్నారు. రెండు అభిప్రాయాలనూ పౌరులుగా మర్యాదగా చెప్పుకునే హక్కు మనకు ఉంది. అయితే ఓటు వేసినా వేయకపోయినా, మొదటి నిబంధనలో మన దేశం ఇచ్చిన మాట మాత్రం అలాగే ఉంది.

ఇలాంటి చిక్కు కొత్తది కాదు

మానవతా చట్టం మీద సభ అనగానే ఎవరిని పిలవాలి, ఏ పేరుతో పిలవాలి అన్న తగాదా రావడం ముందు నుంచీ ఉంది. 1957 అక్టోబరు 28 నుంచి నవంబరు 7 వరకు 19వ అంతర్జాతీయ రెడ్ క్రాస్ మహాసభ మన ఢిల్లీలోనే జరిగింది. బాంబుదాడుల నుంచి పౌరులను కాపాడే నియమాల ముసాయిదా అప్పుడు సభ ముందు ఉంది. కానీ చైనా తరఫున ఎవరు కూర్చోవాలి, తైవాన్ ప్రభుత్వాన్ని ఏ పేరుతో పిలవాలి అన్న వివాదం ముదిరింది. చైనా ప్రతినిధులు, వారితో పాటు మరికొన్ని దేశాల ప్రతినిధులు సభ విడిచి వెళ్లారు. పౌరుల రక్షణ ముసాయిదాను ప్రభుత్వాల పరిశీలనకు పంపారు. అది అక్కడే మూలపడింది. పౌరులను బాంబుల నుంచి కాపాడే నియమాలు ఒప్పందంగా మారడానికి 1977 జూన్ 8 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఇరవై ఏళ్లలో వియత్నాం యుద్ధం జరిగింది.

1974లో ఆ కొత్త ఒప్పందాల కోసం మొదలైన దౌత్య సభలో కూడా మొదటి విడత కాలం చాలావరకు విమోచన ఉద్యమాలను పిలవాలా వద్దా అన్న చర్చతోనే గడిచిపోయింది. 1991లో బుడాపెస్ట్ నగరంలో జరగవలసిన 26వ రెడ్ క్రాస్, రెడ్ క్రెసెంట్ మహాసభ పాలస్తీనా ప్రాతినిధ్యం మీద అంగీకారం కుదరక ఆగిపోయింది. అది నాలుగేళ్ల తరువాత, 1995 డిసెంబరులో, జెనీవాలో జరిగింది.

ఆగిన సభలు మళ్లీ జరిగాయి, మూలపడిన ముసాయిదాలు మళ్లీ లేచాయి. ఇది మనకు ధైర్యం ఇవ్వాలి. కానీ ఆలస్యం అయిన ప్రతి సంవత్సరానికీ ఎవరో ఒకరు మూల్యం చెల్లించారు. ఇది మనకు గుర్తుండాలి.

హిల్ఫుల్ ఫుదూల్ నేర్పే పాఠం

మన చరిత్రలో కూడా బాధితుడి కోసం పిలిచిన ఒక సభ ఉంది. మక్కాకు వచ్చిన ఒక యెమన్ వ్యాపారి దగ్గర పట్టణపు పెద్ద ఒకడు సరుకు తీసుకుని డబ్బు ఎగ్గొట్టాడు. ఆ పరదేశి కొండ ఎక్కి తనకు జరిగిన అన్యాయాన్ని అందరికీ వినిపించాడు. అప్పుడు కొన్ని తెగల పెద్దలు అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట్లో సమావేశమయ్యారు. పీడితుడు స్థానికుడైనా పరదేశి అయినా, అతని హక్కు అతనికి దక్కేదాకా అండగా నిలబడతామని ప్రమాణం చేశారు. ప్రవక్త ముహమ్మద్ (స) యువకుడిగా, ప్రవక్త పదవికి ముందు, ఆ ప్రమాణంలో పాల్గొన్నారు. తరువాతి కాలంలో కూడా ఆయన దాన్ని గౌరవంగానే తలచుకున్నారు.

మూడు విషయాలు గమనించండి. ఒకటి, ఆ సభకు అన్ని తెగలూ రాలేదు. కొన్ని బలమైన తెగలు దూరంగా ఉన్నాయి. వారు వచ్చేదాకా ఆగుదామని మిగతావారు అనుకోలేదు. రెండు, ఆ ప్రమాణం ముస్లిములు రాసుకున్నది కాదు. న్యాయం ఎవరి చేతి నుంచి వచ్చినా అది ఆదరించదగినదే. మూడు, ఆ సభ ఒక ఫలానా మనిషికి రావలసిన ఫలానా బాకీతో మొదలైంది. ప్రకటనలో ఏ మాట ఉండాలన్న చర్చతో మొదలు కాలేదు.

జెనీవాలో 2025లో దీనికి తలకిందులుగా జరిగింది. అందరి అంగీకారం ముందు కావాలనుకున్నారు, బాకీ సంగతి తరువాతకు వాయిదా పడింది. ఎంతమంది వస్తే అంతమందితో కూర్చుని, ప్రకటన సంగతి పక్కన పెట్టి, ఆహారం, మందుల దారి అనే ఒక్క విషయం మీదైనా ప్రతి దేశం చేత మాట చెప్పించి ఉంటే బాగుండేదని మా అభిప్రాయం. హాజరు పట్టీలో ఎవరి పేరు ఉంది, ఎవరిది లేదు అన్నదైనా ప్రపంచం చూసేది.

రద్దు వల్ల ఏమి పోయింది, ఏమి పోలేదు?

పోయినది ఒక అవకాశం. చట్టం మాత్రం పోలేదు. పెద్దమనిషి పంచాయితీ పెట్టలేకపోయినంత మాత్రాన కాగితం మీది సంతకాలు చెరిగిపోవు. 23వ నిబంధన, 55వ నిబంధన మార్చి 6న ఎలా ఉన్నాయో మార్చి 8న కూడా అలాగే ఉన్నాయి. ఆసుపత్రి మీద బాంబు వేసినవాడు, బందీని పట్టినవాడు, ఆహారాన్ని ఆపినవాడు సభ జరగలేదన్న కారణంతో నిర్దోషి కాడు. 146వ నిబంధన ప్రకారం ఘోరమైన ఉల్లంఘనలకు పాల్పడినవారిని వెతికి న్యాయస్థానం ముందు నిలబెట్టవలసిన బాధ్యత ప్రతి సభ్యదేశం మీద ఉంది. దానికి ఏ సభా అక్కరలేదు.

దాతలకు నాలుగు మాటలు

ఇచ్చే చేతికి చట్టం తెలియడం వల్ల లాభం ఏమిటి? 1912లో బాల్కన్ యుద్ధం వచ్చినప్పుడు భారతీయ ముస్లిములు చందాలు వేసుకుని డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ నాయకత్వంలో ఒక వైద్య బృందాన్ని తుర్కీకి పంపారు. ఆయన మద్రాసులో వైద్యం చదివినవారు, ఆయన కుటుంబానికి హైదరాబాదుతో అనుబంధం ఉంది. గాయపడినవారి దగ్గరకు వైద్యుడు వెళ్లవచ్చని, అతని మీద కాల్పులు జరపకూడదని అప్పటికే ఒక ఒప్పందం ఉంది. చందా ఇచ్చిన చేయి, దారి ఇచ్చిన చట్టం కలిస్తేనే ఆ సేవ సాధ్యమైంది.

ఈనాడు మన పరిధి కూడా తెలుసుకోవాలి. మన దేశ ఆదాయపు పన్ను చట్టం ప్రకారం, ధర్మసంస్థ తన ఆదాయాన్ని విదేశాల్లో ఖర్చు చేస్తే ప్రత్యేక అనుమతి లేనిదే ఆ మొత్తానికి పన్ను మినహాయింపు వర్తించదు. కాబట్టి ఎవరో ఫోనులో పంపిన ఖాతా నంబరుకు ఆవేశంలో డబ్బు వేయకండి. ఎవరు సేకరిస్తున్నారు, ఏ అనుమతితో, ఏ దారిలో పంపుతున్నారు అని అడగండి. లెక్క అడగడం అనుమానం కాదు, అమానతును కాపాడటం. మన ఊరి అనాథలకు, వితంతువులకు, ఫీజు కట్టలేని పిల్లలకు మీరు ఇచ్చేది కూడా అదే మానవతా ధర్మంలో భాగం. సాగర్ ఎడమ కాల్వ నీళ్లు పై పొలాలకు పారినంత మాత్రాన సరిపోదు, చివరి ఆయకట్టుకు కూడా అందాలని మనం అడుగుతాం కదా. సాయం కూడా అంతే. చివరి మనిషికి చేరినప్పుడే అది సాయం అవుతుంది.

చర్చించుకోవడానికి

జుమా తరువాత కూర్చున్నప్పుడో, ఇంట్లో పిల్లలతోనో ఈ మూడు ప్రశ్నల మీద మాట్లాడుకోండి. బలహీనమైన ప్రకటన మంచిదా, అసలు ప్రకటన లేకపోవడం మంచిదా? అమానతుదారు అందరి అంగీకారం కోసం ఎంతకాలం ఆగాలి? మన సంఘంలో తగాదా వచ్చి సమావేశం ఆగిపోయినప్పుడు, ఆ నెల సాయం కోసం ఎదురుచూసే కుటుంబానికి ఎవరు జవాబు చెప్పాలి?

మూడవ ప్రశ్నకు జవాబు జెనీవా నుంచి రాదు. అది మనమే ఇవ్వాలి. అభిప్రాయభేదం ఎంత ఉన్నా, పీడితుడి వంతు ఆగకుండా చూసే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.